సమస్య: "పులుపు చేదు కలియఁ బుట్టె నుప్పు"

నిర్వాహకురాలు: మా అమ్మాయి ఆమ్లాలు, క్షారాల పాఠం పైకి చదువుతుంటే ఈ పాదం తట్టింది. శాస్త్రంతో పూరించినా సరే, దారి మళ్లించినా సరే.

కోరింగ:
బీకరందు నామ్లబిందువుల్ పడినంత
క్షారజలపు రంగు జారిపోయె
నరయ నొక్క చుక్క యంతకుఁ జాలును
పులుపు చేదు కలియఁ బుట్టె నుప్పు

ఆమ్లమో క్షారమో రంగుతో చెప్పే సూచిక ఇక్కడ ఫినాల్ఫ్తలీన్. చివరి చుక్కతో గులాబీ రంగు మాయమయ్యే క్షణాన తరగతి గది ఏటా నిశ్శబ్దమైపోతుంది.

తుంగభద్ర: రెండో పాదంలో యతి ఏదీ? క్షా ఎక్కడ, జా ఎక్కడ?

కోరింగ: ప్రాసయతి, రెండో అక్షరాల పొంతన. క్షార, జారి. మీ పూరణ కోసం చూస్తున్నాను.

తుంగభద్ర:
చింతపండురసము చిటికెడు సున్నము
కలిపి చూడుమనుచుఁ బలికె నవ్వ
నోట్లోఁ బెట్టినంత నొసలు ముడుచుకొంటి
పులుపు చేదు కలియఁ బుట్టె నుప్పు

కోరింగ: "నోట్లో" రెండూ గురువులే, మొదటి గణమే పోయింది. "నోటఁ" అంటే నిలుస్తుంది. అంతకంటే పెద్ద చిక్కు మరొకటి. చింతపండులోని టార్టారిక్ ఆమ్లానికి సున్నం తగిలితే వచ్చేది కాల్షియం టార్ట్రేట్. తెల్లగా అడుగుకు దిగుతుంది, నీటిలో దాదాపు కరగదు. 1769లో రసాయన శాస్త్రవేత్త షీలే ఆ ఆమ్లాన్ని విడదీసింది ఈ లవణం మీదుగానే. లవణమే, కానీ నాలుక దాన్ని ఉప్పు అనదు. నిరుటి ఉగాది పూరణలోనూ పారాణి ఎరుపు నిమ్మరసం వల్ల అన్నారు. పసుపును ఎర్రబరిచేది సున్నం. నిమ్మకాయ పిండితే మళ్లీ పసుపే అవుతుంది.

తుంగభద్ర: పారాణి పద్యం తప్పని అప్పుడే ఒప్పుకున్నాను, మళ్లీ తవ్వనవసరం లేదు. "నోటఁ" తీసుకుంటున్నాను.

పాలవెల్లి:
మాట పులిసె నొకరి, మనసు చేదొకరిది
యాలుమగల నడుమ నలుక రేఁగ
చెంప మీఁద జారి చెమ్మగిల్లిన నీటఁ
బులుపు చేదు కలియఁ బుట్టె నుప్పు

తుంగభద్ర: అద్భుతం! కోరింగ గారూ, 36.5 గ్రాముల హైడ్రోక్లోరిక్ ఆమ్లం, 40 గ్రాముల సోడియం హైడ్రాక్సైడ్ కలిస్తే 58.5 గ్రాముల ఉప్పుతో పాటు 18 గ్రాముల నీరు పుట్టాలి. మీ బీకరులో పుట్టిన నీటి ఊసే లేదు. ఈ చెంప మీద ఉప్పూ ఉంది, నీరూ ఉంది.

కోరింగ: నిజమే. కన్నీటిలోనూ ముఖ్యంగా ఉండేది సోడియం క్లోరైడే. ఆ "నీట" అన్న ఒక్క మాటకు నా పద్యం వదులుకుంటాను.

నిర్వాహకురాలు: నాదీ అదే మాట. కానీ చెమ్మగిల్లేది చెంప కదా, నీరెలా చెమ్మగిల్లుతుంది?

పాలవెల్లి: అవును. "చెమ్మఁ జేసిన నీట" అని మార్చాను. గణమూ యతీ చెడలేదు.