గోడకు ఏడడుగుల దూరంలో వేపచెట్టు, కొట్టించాలా?

ప్రశ్న: మాది నాగులుప్పలపాడు మండలం, నల్లరేగడి నేల. పడమటి గోడ పక్కనే పెద్ద వేపచెట్టు ఉంది. ఈ వేసవిలో కిటికీ మూల నుంచి ఏటవాలుగా పగులు తీసింది. వేర్లు పునాదిలోకి పోయాయి, చెట్టు కొట్టించమని మేస్త్రి అంటున్నాడు. అమ్మ ససేమిరా అంటోంది. టెన్షన్‌గా ఉంది, ఎవరైనా చెప్పండి.

జవాబు: తొందరపడొద్దన్నా. వేరు గట్టి పునాదిని చీల్చుకుని పోవడం అరుదు. ముందే ఉన్న సందులోకో, నీళ్లు కారే పైపు జాయింటులోకో దూరుతుంది. రేగడిలో అసలు గొడవ తేమది. ఎండల్లో చెట్టు గోడ కింది తేమను లాగేస్తే మట్టి ముడుచుకుని ఆ మూల కుంగుతుంది. అక్టోబరు తర్వాత మన వానలు పడితే మళ్లీ ఉబ్బుతుంది. పొలంలో నెర్రెలు విచ్చి, వానకు పూడినట్టే.

పగులు రెండు చివర్లా పెన్సిల్‌తో గీత గీసి తేదీ వేయండి. నెలకోసారి ఒకేచోట వెడల్పు కొలవండి. వానలకు సన్నబడి, వేసవికి విచ్చుకుంటుంటే తేమ ప్రభావమే అనుకోవచ్చు. ఆగకుండా పెరుగుతున్నా, 5 మిల్లీమీటర్లు దాటినా, తలుపులు బిగుసుకుపోతున్నా స్ట్రక్చరల్ ఇంజనీరును పిలవాల్సిందే. ఇంతకీ చెట్టు ముందా, ఇల్లు ముందా?

ప్రశ్న అడిగినవారు: చెట్టే ముందు. తాతగారు నాటింది.

జవాబు: అయితే ఇంకా జాగ్రత్త. అంత చెట్టును ఒక్కసారిగా తీసేస్తే, అది తాగే నీళ్లన్నీ మట్టిలోనే ఉండిపోయి రేగడి ఏళ్ల తరబడి ఉబ్బుతుంది. కుంగిన గోడ కంటే పైకి లేచే గోడను బాగుచేయడం కష్టం. ఇంజనీరు చూడకుండా మాత్రం కొట్టించకండి. తీయక తప్పదంటే వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల చట్టం, 2002) కింద అనుమతి సంగతి కూడా ముందే కనుక్కోండి.

ఇంకొకరు: మాది నెల్లూరు, పెన్న ఒడ్డు ఇసుక నేల. మాకు ఈ ఉబ్బడం, కుంగడం ఉండదు కాబట్టి మా అనుభవం మీకు పనికిరాదు. ఒక్క మాట మాత్రం చెప్పాలి. కందకం తవ్వి వేర్లు నరికేస్తామని ఎవరైనా వస్తే, మొదలు దగ్గర లావు వేర్లు ముట్టుకోనివ్వకండి. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను మన తీరాన్ని ఎలా కుదిపిందో చూశాం కదా. ఒకవైపు వేర్లు తెగిన చెట్టు అలాంటి గాలికి ఇంటిమీదే పడొచ్చు.

ప్రశ్న అడిగినవారు: మరి ఇప్పుడు ముందుగా ఏం చేయమంటారు?

జవాబు: బాత్రూం పైపు, డ్రైనేజీ ఛాంబరు ఆ గోడవైపే ఉంటే లీకేజీ ఉందేమో ముందు చూపించండి. గోడ చుట్టూ మూడడుగుల వెడల్పున, నీళ్లు బయటికి జారేలా వాలుగా కాంక్రీటు పోయించండి. డాబా మీది వాననీళ్లు కూడా గోడ మొదట్లో పడకుండా పైపుతో దూరంగా వదలండి. పగుళ్లు పూడ్చే పని మాత్రం ఒక వానాకాలం, ఒక వేసవి కొలతలు చూశాకే పెట్టుకోండి.