ఆల్కహాల్ తీసేసిన వైన్ మందా, కాదా?

పెరటిజామ: మేం ఫ్రాన్స్‌లోని బోర్డోలో ఉంటాం. మొన్న పాప పుట్టినరోజుకి ఆల్కహాల్ తీసేసిన వైన్ రెండు సీసాలు పెట్టాను. ఒకావిడ వాళ్లాయన చేతిలో గ్లాసు లాక్కుని సింకులో పోసేసింది. అందరూ బిత్తరపోయారు. ఇక్కడ బోర్డో ఫ్యామిలీస్ లాంటి వైన్ రైతుల సహకార సంఘాలు కూడా ఇలాంటి వైన్ తయారుచేస్తున్నాయి. ఇంతకీ ఇది మందా, కాదా?

ఉత్తరేణి: మందే. యూరప్ 2021 చట్టంలోనే ఆల్కహాల్ 0.5 శాతం మించకూడదని ఉంది. సున్నా అని లేదు.

మోకుముత్తాదు: బాగా మగ్గిన అరటిపండులోనూ కాస్త ఉంటుందండీ. ఈ వైన్‌ని ముందు మామూలు వైన్‌లాగే పులియబెడతారు. తర్వాత గాలి తీసేసిన పాత్రలో కాస్త వేడి చేస్తే 30 డిగ్రీల దగ్గరే ఆల్కహాల్ ఆవిరైపోతుంది. వాసన కూడా దాంతోనే పోతుంది కాబట్టి విడిగా పట్టి మళ్లీ కలుపుతారు. మిగిలింది పలచగా, పుల్లగా ఉంటుందని చాలామంది తీపి వేస్తారు. నిజం చెప్పాలంటే నాకు దాని రుచి నచ్చలేదు.

ఉత్తరేణి: 0.5 సున్నా ఎప్పుడయింది?

చారుమెతుకు: ముందు మా అత్తగారి రెండ్రోజుల పెరుగన్నం కొలవండి.

మోకుముత్తాదు: వైన్ అమ్ముడుపోక 2023లో బోర్డోలో 9,500 హెక్టార్ల తోటలు పీకేయడానికి పథకం పెట్టారు. హెక్టారుకి 6,000 యూరోలు. మత్తు పూర్తిగా తీసేస్తే సీసా మీద బోర్డో అని సొంత ఊరి పేరు కూడా వేసుకోకూడదు. అయినా చేస్తున్నారంటే రైతు ఎంత ఇరుకున పడ్డాడో చూడండి.

ఉత్తరేణి: రైతు సంగతి నేనడిగానా? 0.5 గురించి చెప్పండి.

మోకుముత్తాదు: అరటిపండు తిని తూలతారా మీరు?

ఉత్తరేణి: జామ గారూ, ఆ సింకులో పోసింది నేనే. ఆయన మానేసి పధ్నాలుగు నెలలు. గ్లాసు కాడ రెండు వేళ్లతో పట్టుకుని, మెల్లగా తిప్పి, వాసన చూశాడు. ఇంకా తాగనేలేదు. ఆ తిప్పడం చూసి నాకు కాళ్లు వణికాయి. మీ అరటిపండుకి ఆ తిప్పడం ఉందా?

చారుమెతుకు: పెరుగన్నం మాట వెనక్కి తీసుకుంటున్నా.

మోకుముత్తాదు: మరి ఇందాకటి నుంచి 0.5 అని ఎందుకు పట్టుకున్నారమ్మా? మా నాన్న తాటిచెట్లు ఎక్కేవాడు. తెల్లారకముందే దించి చల్లగా ఉంచితే అది నీరా, మత్తుండదు. 2023లో హైదరాబాద్‌లో నీరా కేఫ్ తెరిచారని సంబరంగా చెబితే మా ఆఫీసులో ఒకాయన 'పేరు మార్చిన కల్లేగా' అని నవ్వాడు. మత్తు తీసేసినా మీ కళ్లకి మేం మందు అమ్మేవాళ్లమే.

ఉత్తరేణి: మిమ్మల్ని అనలేదు.

మోకుముత్తాదు: ఆయనా అదే అన్నాడు.

పెరటిజామ: అక్కా, మీరని తెలియదు. ఈసారి వస్తే ఏం పెట్టను?

ఉత్తరేణి: మజ్జిగ. స్టీలు గ్లాసులో.