1974 అంబాసిడర్ మార్క్ 2: వెనక యాక్సిల్ మార్చాలా?

గూడెం మార్క్2

అందరికీ నమస్కారం. మాది తాడేపల్లిగూడెం. మా పెదనాన్నగారి 1974 మార్క్ 2 ఇప్పుడు నా దగ్గరుంది. ఇంజిన్ పాత 1489 సీసీ పెట్రోలే. ఊళ్ళో హాయిగా నడుస్తుంది. హైవే మీద 60 దాటితే మాత్రం వెనక నుంచి సన్నగా ఏడుపు మొదలవుతుంది. 80 దగ్గర ఇంజిన్ కూడా గోల పెడుతుంది.

ఇక్కడ పాత ఇనుము కొట్లో, విప్పేసిన ఇసుజు ఇంజిన్ అంబాసిడర్ యాక్సిల్ డ్రమ్ములతో సహా ఉంది. మా మెకానిక్ జీపు యాక్సిల్ వేద్దామంటున్నాడు. ఇంకొకాయన కాంటెస్సా కారుది అంటున్నారు. ఏది తీసుకోమంటారు? కమాన్ కట్టలు (వెనక స్ప్రింగు పట్టీలు), గేర్‌బాక్స్ నుంచి యాక్సిల్‌కి వచ్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ కూడా మార్చాల్సి వస్తుందా?

ఆటోనగర్ టర్నర్

తమ్ముడూ, నేను బెజవాడ ఆటోనగర్‌లో లేత్ పని చేసి రిటైరైనవాణ్ణి. యాక్సిళ్ళు కోయడం, అతకడం, షాఫ్టులు కురచ చేయడం, ఇదే నా పని. అందుకే ముందు చెబుతున్నాను, ఇప్పుడే ఏదీ కొనకు. నువ్వు చెప్పినవి రెండు వేర్వేరు జబ్బులు.

మొదటిది ఏడుపు. 60 మీద యాక్సిలరేటర్ వదిలి చూడు. వదలగానే చప్పుడు మారినా, ఆగినా క్రౌన్ పినియన్ (షాఫ్ట్ తిరుగుడుని చక్రాల వైపు మళ్ళించే పళ్ళ చక్రాల జత, చిన్నది పినియన్, పెద్దది క్రౌన్) అరిగినట్టు. వదిలినా అలాగే ఉండి, మలుపులో ఎక్కువ తక్కువ అవుతుంటే చక్రం బేరింగ్. క్లచ్ వదిలేటప్పుడు టక్ మంటే ముందు షాఫ్ట్ చివర్లలో ఉండే క్రాసులు (కీళ్ళు) చూడాలి. బేరింగ్ పోయినందుకు యాక్సిల్ మొత్తం మార్చిన బండ్లు మా షెడ్డుకి చాలానే వచ్చేవి. అంత డబ్బు దండగైనందుకు నాకు బాధేసేది.

రెండోది ఇంజిన్ గోల. అది రేషియో సంగతి, అంటే క్రౌన్ ఒక్క చుట్టు తిరగడానికి షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరగాలన్నది. ముందు చక్రాలకి రాళ్ళు పెట్టి, న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండ్‌బ్రేక్ తీసి, వెనక ఒక్క చక్రమే లేపు. జాకీని నమ్మకు, స్టాండు పెట్టు. లేపిన చక్రాన్ని 20 చుట్లు తిప్పి షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టు. రెండో చక్రం నేల మీద ఉంది కాబట్టి ఈ 20 చుట్లకి క్రౌన్ తిరిగేది 10. షాఫ్ట్ నలభై అయిదున్నర తిరిగితే రేషియో 4.55. అంటే పినియన్‌కి 9 పళ్ళు, క్రౌన్‌కి 41. అదే 11కి 43 అయితే 3.9. టైరు చుట్టుకొలత 2.05 మీటర్లనుకో. 80 స్పీడులో, టాప్ గేర్ డైరెక్ట్ అయితే, 4.55కి ఇంజిన్ నిమిషానికి దాదాపు 2,960 చుట్లు తిరుగుతుంది, 3.9కి 2,540. తేడా చెవికి బాగా తెలుస్తుంది. కానీ 1489 ఇంజిన్‌కి 3.9 వేసి నలుగురిని ఎక్కించుకుని మారేడుమిల్లి ఘాట్‌కి వెళ్తే మాటిమాటికీ గేరు దించాల్సిందే. నీ తిరుగుడు ఎక్కడో నువ్వే చూసుకో.

ఇక యాక్సిళ్ళు. కాంటెస్సాకి వెనక కాయిల్ స్ప్రింగులు, దాని యాక్సిల్ మీద కమాన్ కట్టలు కూర్చునే సీట్లే ఉండవు. పాత ఫోర్‌వీల్ జీపుదైతే డిఫరెన్షియల్ (క్రౌన్ పినియన్ ఉండే భాగం) మధ్యలో కాకుండా పక్కకి జరిగి ఉంటుంది. రెండింటికీ కోత, వెల్డింగ్ తప్పవు. ఆ సీట్లు అతికేటప్పుడే అసలు పని చెడుతుంది. బండి బరువంతా కట్టల మీద పడి ఉన్నప్పుడు గేర్‌బాక్స్ షాఫ్ట్, పినియన్ షాఫ్ట్ పక్క నుంచి చూస్తే సమాంతరంగా ఉండాలి. ముందు చుక్కల వెల్డింగ్ పెట్టి, కోణం కొలిచి, అప్పుడు పూర్తి వెల్డింగ్. ఒకేసారి పొడుగ్గా లాగితే ట్యూబు వంగుతుంది. కోణం తప్పితే షాఫ్ట్ ఎంత బ్యాలెన్స్ చేయించినా వణుకు పోదు. దానికితోడు వెనక బ్రేకులు పెద్దవైతే గట్టిగా తొక్కినప్పుడు వెనక చక్రాలు ముందే పట్టేసి బండి అడ్డం తిరుగుతుంది.

నీ బండిలో డిఫరెన్షియల్ నుంచి చక్రాలకి వెళ్ళే హాఫ్ షాఫ్టులు లాగేస్తే డిఫరెన్షియల్ ఒక్కటే ముందు వైపు నుంచి బయటికి వస్తుంది. యాక్సిల్ హౌసింగ్ (బయటి గుల్ల) కదపక్కర్లేదు. నేనైతే ఆ దారినే వెళ్తాను.

పాతబండి ప్రేమికుడు

టర్నర్ గారి మాటకి ఒకటి కలుపుతాను. మీ బండికి యాభై ఏళ్ళు దాటాయి. 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం దాన్ని వింటేజ్‌గా రిజిస్టర్ చేయించుకోవచ్చు. కొత్త రిజిస్ట్రేషన్ ఫీజు 20,000, గడువు పదేళ్ళు. అయితే బండి పాత రూపంలోనే ఉండాలి, చాసిస్, బాడీ, ఇంజిన్‌లలో పెద్ద మార్పులు ఉండకూడదు. పైగా అలా రిజిస్టరైన బండిని రోజూ తిప్పడానికి లేదు. ఆ ఆలోచన ఉన్నా లేకపోయినా పాత హౌసింగ్‌ని కోయకండి, అమ్మకండి. 2014లో ఉత్తరపాడా ఫ్యాక్టరీలో అంబాసిడర్ తయారీ ఆగిపోయాక మార్క్ 2 సామాను దొరకడం కష్టమైపోతోంది.

గూడెం మార్క్2

ఇద్దరికీ చాలా థాంక్సండి. టర్నర్ గారూ, చెప్పినట్టే చేశాను. యాక్సిలరేటర్ వదలగానే ఏడుపు ఆగిపోతోంది. 20 చుట్లకి షాఫ్ట్ నలభై అయిదున్నర. జీపు, కాంటెస్సా మాట వదిలేశాను. ఆ ఇసుజు బండి డిఫరెన్షియల్‌ని మా హౌసింగ్‌లో పెట్టొచ్చా? అక్కడ ఏం చూడాలి?

ఆటోనగర్ టర్నర్

అయితే క్రౌన్ పినియనే. ఇనుము కొట్టుకి టేపు, నీ హాఫ్ షాఫ్ట్ ఒకటి పట్టుకెళ్ళు. నీ షాఫ్ట్ స్ప్లైన్లు (చివరి గాడి పళ్ళు) ఆ డిఫరెన్షియల్‌లో కూర్చోవాలి, హౌసింగ్ బోల్టుల రంధ్రాలు కలవాలి. ఈ రెండిట్లో ఏది కలవకపోయినా తీసుకోకు. కలిస్తే ఒక డ్రమ్ము కదలకుండా పట్టుకుని, రెండోది 20 చుట్లు తిప్పి రేషియో లెక్కపెట్టు. తర్వాత ఆయిల్ తీయించి అడుగున వేలు పెట్టు. నల్లటి జిగురైతే పరవాలేదు. ఇనప ముక్కలు తగిలితే వదిలేయ్.

క్రౌన్, పినియన్ జతగా అరగదీసి వచ్చినవి. ఒక బండిది ఒకటి, ఇంకో బండిది ఇంకోటి కలపనివ్వకు. బిగించేటప్పుడు పళ్ళకి రంగు పూయించి అచ్చు ఎక్కడ పడుతోందో నీ కళ్ళతో చూడు, పంటి మధ్యలో పడాలి. బ్రీదర్ (హౌసింగ్‌లోంచి గాలి పోయే రంధ్రం) మూసుకుపోయి ఉంటే శుభ్రం చేయించు, లేకపోతే కొత్త సీలు వేసినా డ్రమ్ములోకి ఆయిల్ వస్తుంది. హైపాయిడ్‌కి (ఈ రకం క్రౌన్ పినియన్‌కి) పనికొచ్చే 90 నంబరు ఆయిలే పోయించు. మొదటి కొన్ని వందల కిలోమీటర్లు 60 దాటకుండా నడిపి, ఆ ఆయిల్ తీసి కొత్తది పోయించు.