సనదు చేతికి రాగానే డిఫెన్స్ కౌన్సెల్ పోస్టా, సీనియర్ దగ్గర జూనియర్‌గానా?

కొత్త_సనదు:
ఈ ఏడాదే వకీలుగా ఎన్‌రోల్ అయ్యి సనదు (లైసెన్సు) తీసుకున్నాను, బార్ పరీక్ష కూడా పాసయ్యాను. మా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ అసిస్టెంట్ లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సెల్ (ఉచిత న్యాయసహాయం కింద ముద్దాయిల తరఫున వాదించే వకీలు) పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చింది. సున్నా నుంచి మూడేళ్ల ప్రాక్టీసు ఉన్నవాళ్లు దరఖాస్తు పెట్టవచ్చు. రెండేళ్ల కాంట్రాక్టు, పనితీరు బాగుంటే ఏడాది చొప్పున పొడిగింపు. సొంతంగా కేసులు తీసుకోకూడదు. చదువుకునే రోజుల నుంచీ నాకు క్రిమినల్ వైపే మొగ్గు. ఇప్పుడు కూర్చుంటున్న సీనియర్ గారికి చెబితే "అక్కడికి వెళ్తే వకీలువి కావు, గుమాస్తావి అవుతావు" అన్నారు. ఇంట్లోవాళ్లేమో నెలనెలా డబ్బు వస్తుంది కదా అంటున్నారు. ఇంకో సందేహం కూడా ఉంది. జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకు అడుగుతున్న మూడేళ్ల ప్రాక్టీసులో ఇది కలుస్తుందా? పెద్దలు చెప్పండి.

నల్లకోటు:
మీ సీనియర్ కాస్త కటువుగా చెప్పారు కానీ తప్పు చెప్పలేదు. వకీలుకు మొదటి నాలుగైదేళ్లు సంపాదనకు కాదు, పేరు నిలబెట్టుకోవడానికి. ఊళ్లో ఎవరి మీదైనా కేసు పడితే మీ పేరు గుర్తుకు రావాలి. అక్కడ చేరితే ముద్దాయికి మీరు "ప్రభుత్వం ఇచ్చిన లాయరు". బయటికి వచ్చాక అతను మళ్లీ మీ గుమ్మం తొక్కడు. కాంట్రాక్టు ముగిసిన రోజు మీ చేతిలో ఒక్క వకాల్తా ఉండదు.

ఇక నేర్చుకోవడం. క్రాస్ ఎగ్జామినేషన్ పుస్తకం చదివితే రాదు. సీనియర్ వెనక కూర్చుని, ఆయన ఏ ప్రశ్న అడిగారో కాదు, ఏ ప్రశ్న అడగకుండా వదిలేశారో రాసుకుంటే వస్తుంది. అక్కడ ఎవరు చూపిస్తారు? చేరిన రోజే ఒక కట్ట ఫైళ్లు చేతిలో పెడతారు. 2019లో అనోఖీలాల్ కేసులో సుప్రీంకోర్టు ఏమందో చదవండి. వకీలును నియమించిన రోజే అభియోగాలు ఖరారు చేశారు, పదిహేను రోజుల్లోపే విచారణ ముగించి ఉరిశిక్ష వేశారు. సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసి మళ్లీ మొదటినుంచి విచారణ జరపమంది. ఉరి, యావజ్జీవం పడగల కేసుల్లో న్యాయసహాయం కింద వేసే వకీలుకు కనీసం పదేళ్ల అనుభవం ఉండాలని కూడా చెప్పింది. ఇక్కడ సున్నా ఏళ్లవాళ్లను పిలుస్తున్నారు.

వాయిదాల_రాయుడు:
దరఖాస్తు పెట్టండి. రాకపోతే పోయేదేముంది?

రిమాండ్_డ్యూటీ:
నల్లకోటు గారూ, అనోఖీలాల్ తీర్పు ఇక్కడ అతకదు. ఈ పథకంలో సెషన్స్ విచారణలు (హత్య లాంటి పెద్ద నేరాలవి) నడిపేది చీఫ్, డిప్యూటీ చీఫ్ డిఫెన్స్ కౌన్సెళ్లు. చీఫ్‌కు పదేళ్ల క్రిమినల్ ప్రాక్టీసు, కనీసం 30 సెషన్స్ విచారణలు చేసిన అనుభవం ఉండాలి. డిప్యూటీకి ఏడేళ్లు, 20 విచారణలు. అసిస్టెంట్లు రిమాండ్, బెయిలు, మేజిస్ట్రేట్ కోర్టు కేసులు చూసుకుంటారు, పై ఇద్దరికీ సాయం చేస్తారు. పథకం చదవకుండానే భయపెడుతున్నారు.

నేను అసిస్టెంట్‌గా చేస్తున్నాను కాబట్టి చెబుతున్నాను. రిమాండ్ దగ్గర నేర్చుకున్నది నాకు ఏ ఆఫీసులోనూ దొరికేది కాదు. కసబ్ కేసులో 2012లోనే సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది, ముద్దాయిని మొదటిసారి మేజిస్ట్రేట్ ముందు హాజరుపరిచినప్పుడే వకీలు హక్కు మొదలవుతుందని, ఆ సంగతి అతనికి చెప్పడం మేజిస్ట్రేట్ బాధ్యత అని. కానీ పక్కన ఎవరో ఒకరు నిలబడి అడిగితే తప్ప రిమాండ్ రిపోర్టులో అరెస్టు కారణాలు సరిగ్గా రాశారా లేదా అని చూసే తీరిక ఎవరికి ఉంది? ఆ అడగడమే నా పని.

రెండోది తేదీల లెక్క. నాగరిక్ సురక్షా సంహిత (క్రిమినల్ కేసులు నడిచే విధానం చెప్పే చట్టం) సెక్షన్ 187 ప్రకారం చార్జిషీటు 60 రోజుల్లో, పదేళ్లు లేదా అంతకు మించి శిక్ష పడగల నేరాల్లో 90 రోజుల్లో రాకపోతే బెయిలు ముద్దాయి హక్కు. కానీ గడువు దాటగానే దరఖాస్తు పడాలి. చార్జిషీటు ముందు వచ్చేస్తే ఆ హక్కు పోయినట్టే. మా ఆఫీసులో గోడమీద రిజిస్టరు ఉంటుంది, ఎవరి గడువు ఏ రోజో అందులో రాసి ఉంటుంది. నేను సెలవు పెట్టినా ఇంకొకరు వేస్తారు. సొంత ఆఫీసు ఉన్న ఎంతమంది వకీళ్లు ఫీజు కట్టని కక్షిదారు కోసం ఇలా రోజులు లెక్కపెడతారు?

మూడేళ్లు:
అసలు ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పడం లేదు. 2025 మే 20న సుప్రీంకోర్టు జూనియర్ సివిల్ జడ్జికి మూడేళ్ల ప్రాక్టీసు తప్పనిసరి చేసింది. డిఫెన్స్ కౌన్సెల్‌గా చేసిన కాలం అందులో కలుస్తుందా, కలవదా? అవును, కాదు, ఏదో ఒకటి చెప్పండి.

నల్లకోటు:
మూడేళ్లు గారూ, జడ్జి కావడానికి మెట్టుగా వాడుకునేవాళ్లే ఈ పోస్టులకు ఎక్కువ వస్తున్నారు, నా బాధ అదే. రోజూ కోర్టుకు వచ్చి చేతిలో రిమాండ్ కాగితాలు, సంచిలో పోటీ పరీక్ష పుస్తకం.

రిమాండ్_డ్యూటీ గారికి: పథకం నేనూ చదివాను. కాగితం మీద డిప్యూటీలు విచారణ చేస్తారు. వాళ్లకు ఒకే రోజు రెండు కోర్టుల్లో సాక్షులు వస్తే ఏమవుతుంది? అసిస్టెంట్‌ను పంపి వాయిదా అడగమంటారు. వాయిదా ఇవ్వకపోతే ఆ అసిస్టెంటే లేచి నాలుగు ప్రశ్నలు అడిగి కూర్చుంటాడు. కళ్లారా చూశాను. పంచనామా సాక్షి అడ్డం తిరిగాడని తెలియక, అతన్నే మరిన్ని ప్రశ్నలు అడిగి ప్రాసిక్యూషన్‌కు బలం చేకూర్చిన కుర్రవాడు కూడా ఉన్నాడు. శిక్ష పడింది మాత్రం ముద్దాయికి.

పడమటి_గది:
ఆ ప్రశ్నలు సీనియర్లు కూడా అడుగుతారండీ. అదీ కళ్లారా చూశాను.

రిమాండ్_డ్యూటీ:
సీనియర్ దగ్గర నేర్చుకోవాలని అంటున్నారు కాబట్టి నా సంగతి చెబుతాను. సనదు వచ్చాక ఒక పెద్ద ఆఫీసులో చేరాను. ఫైళ్లు సర్దడం, కక్షిదారులకు ఫోను చేసి రేపు వాయిదా అని చెప్పడం, సాయంత్రం జిరాక్సులు. కోర్టులో లేచి నిలబడే అవకాశం వస్తే అది నాకంటే వెనక చేరిన అబ్బాయికి వెళ్లేది. "ఆడపిల్లవి, క్రిమినల్ నీకెందుకమ్మా, భరణం కేసులు చూసుకో" అన్నారు. జీతం అడిగితే నేర్పుతున్నాం కదా అన్నారు. 2024 అక్టోబరులో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా జూనియర్లకు పట్టణాల్లో నెలకు 20,000, గ్రామీణ ప్రాంతాల్లో 15,000 రూపాయలు ఇవ్వాలని సర్క్యులర్ పంపింది. అది సిఫారసు మాత్రమే. ఇచ్చే సీనియర్ ఎవరో ఇక్కడ ఒక్కరు చెయ్యెత్తండి.

తండ్రి వకీలో, మామ వకీలో అయితే నల్లకోటు గారి దారి బాగుంటుంది. లేనివాళ్లు నాలుగైదేళ్లు పేరు నిలబెట్టుకునేదాకా అద్దె ఎవరు కడతారు?

నల్లకోటు:
మా నాన్న రైతు. నేనూ అద్దె కట్టే పైకి వచ్చాను. మీ సీనియర్ మంచివాడు కాకపోతే వృత్తి మొత్తాన్ని తిట్టకండి.

మూడేళ్లు:
మళ్లీ అడుగుతున్నాను. కలుస్తుందా?

కాపీయింగ్_సెక్షన్:
మూడేళ్లు గారూ, ఆధారం కావాలంటే 2013లో దీపక్ అగర్వాల్ కేసు చూడండి. జిల్లా జడ్జి పోస్టుల విషయంలో వచ్చింది. పబ్లిక్ ప్రాసిక్యూటర్లు జీతం తీసుకున్నా కోర్టులో వాదిస్తున్నారు కాబట్టి అడ్వొకేట్లే అని సుప్రీంకోర్టు తేల్చింది. ప్రాసిక్యూటర్‌కు వర్తించేది డిఫెన్స్ కౌన్సెల్‌కు ఎందుకు వర్తించదు? పైగా 2025 తీర్పు లా క్లర్కుల (జడ్జిల దగ్గర సహాయకులుగా చేసే లా పట్టభద్రుల) అనుభవాన్ని కూడా కలిపింది. లెక్క మొదలయ్యేది తాత్కాలిక ఎన్‌రోల్‌మెంట్ తేదీ నుంచి.

మూడేళ్లు:
"ఎందుకు వర్తించదు" అనేది వాదన. నాకు కావలసింది ఉత్తర్వు. నోటిఫికేషన్‌లో రాసి ఉందా?

రిమాండ్_డ్యూటీ:
మర్చిపోయే ముందు ఇంకొకటి. నల్లకోటు గారు ఇదివరకు ప్యానెల్ లాయరుగా (న్యాయ సేవాధికార సంస్థ జాబితాలో ఉండి కేసుకింత అని ఫీజు తీసుకునే వకీలుగా) చేసేవారని వేరే చర్చలో రాశారు. డిఫెన్స్ కౌన్సెల్ ఆఫీసు వచ్చాక ముద్దాయిల కేసులు ప్యానెల్ నుంచి పోయాయి. ప్యానెల్‌కు సివిల్ కేసులు, బాధితుల కేసులు మిగిలాయి. కొత్తవాళ్లకు ఇచ్చే సలహాలో ఆ కోపం ఎంత ఉందో కూడా చెబితే బాగుంటుంది.

నల్లకోటు:
ఉంది. ఎందుకు దాచాలి? ఒక హత్య కేసు ప్యానెల్ తరఫున నాకు వచ్చింది. జైలుకు వెళ్లి మాట్లాడాను, సంఘటన జరిగిన చోటికి సొంత ఖర్చుతో వెళ్లి చూశాను, సగం మంది సాక్షులను క్రాస్ చేశాను. ఆ దశలో ఫైలు ఇచ్చేయమని కబురు. మిగిలిన సాక్షులను ఎవరు అడిగారో, ఏమి అడిగారో నాకు తెలియనివ్వలేదు. నా ఫీజు బిల్లు మాత్రం ఇంకా బల్లల మధ్య తిరుగుతోంది. ఫీజు సంగతి పక్కన పెట్టండి. ఆ ముద్దాయి నన్ను నమ్మాడు. వకీలును మార్చేముందు అతన్ని ఒక్క మాట అడిగారా?

రిమాండ్_డ్యూటీ:
అది అన్యాయమే. కానీ మీకు అన్యాయం జరిగిందని కొత్తవాళ్లు ఆగిపోవాలా? 2022 జైలు గణాంకాల ప్రకారం దేశంలో ప్రతి నలుగురు ఖైదీల్లో ముగ్గురు విచారణ ఖైదీలే. ప్యానెల్ ఉన్న రోజుల్లోనూ వాళ్లు లోపలే ఉన్నారు. బెయిలు వచ్చినా జామీను దొరక్క ఉండిపోయిన వాళ్లకోసం ప్యానెల్ లాయర్లలో ఎంతమంది షరతులు సడలించమని పిటిషన్ వేశారు? బెయిలు వచ్చి నెల దాటినా పూచీకత్తు ఇవ్వలేకపోతే షరతులు మార్చే విషయం కోర్టు తనంతట తాను పరిశీలించవచ్చని 2023 జనవరి 31న సుప్రీంకోర్టు చెప్పింది. ఆ పేర్ల జాబితా పట్టుకుని తిరిగేది మేమే. మీకు ఒక హత్య కేసు గుర్తుంది. నాకు చిన్న దొంగతనం కేసులో జామీను లేక లోపలే ఉండిపోయినవాడు గుర్తున్నాడు. అతనికి వకీలును ఎంచుకునే హక్కు కంటే ఎవరో ఒక వకీలు రావడమే ఎక్కువ అవసరం.

పొడిగింపు_లేదు:
ఇంతసేపు చదువుతూ ఊరుకున్నాను. నేను వేరే జిల్లాలో అసిస్టెంట్‌గా చేశాను. ఇద్దరూ అసలు విషయం చుట్టూ తిరుగుతున్నారు. ఎంపిక కమిటీకి అధ్యక్షుడు ఎవరు? ప్రధాన జిల్లా జడ్జి. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ చైర్మన్ ఎవరు? ఆయనే. ఆరు నెలలకోసారి పనితీరు చూస్తారు. మనం వాదించేది ఆయన కిందనున్న కోర్టుల్లో, అప్పీలు వెళ్లేది ఆయన ముందుకే. రిమాండ్ తిరస్కరించాలని గట్టిగా పట్టుబట్టినందుకు ఒక మేజిస్ట్రేట్ గారు నా మీద విసుక్కున్నారు. తర్వాత నా కాంట్రాక్టు పొడిగించలేదు. రెండింటికీ సంబంధం ఉందని నేను రుజువు చేయలేను. కానీ ఆ తర్వాత మా ఆఫీసులో గట్టిగా పట్టుబట్టిన వాళ్లను నేను చూడలేదు.

నల్లకోటు:
ఇదీ నేను చెప్పాలనుకున్నది. బెంచికి కోపం వస్తుందని తెలిసి కూడా లేచి నిలబడేవాడే డిఫెన్స్ వకీలు. నా బతుకు జడ్జి గారి సంతకం మీద లేదు కాబట్టే నేను అలా నిలబడగలిగాను.

రిమాండ్_డ్యూటీ:
మిమ్మల్ని ప్యానెల్‌లోకి తీసుకున్నదీ అదే సంస్థ, అదే చైర్మన్. మీ బిల్లు పాసు చేసేదీ వాళ్లే. ఎవరి బతుకు ఎవరి సంతకం మీద లేదు?

నల్లకోటు:
తేడా ఉంది. ప్యానెల్ పోయినా నాకు సొంత కేసులు ఉన్నాయి. మీకు అది తప్ప వేరే లేదు, ఉండనివ్వరు కూడా. పోనీ ఒక సూటి ప్రశ్న. నెలాఖరుకు ఎన్ని కేసులు ముగిశాయో లెక్క అడుగుతారు కదా. నేరం ఒప్పుకుంటే ఆ రోజే ముగుస్తుంది. చిన్న కేసుల్లో ఒప్పుకోమని చెప్పే ఒత్తిడి లేదా?

రిమాండ్_డ్యూటీ:
లోక్ అదాలత్ దగ్గర పడితే ఉంటుంది. లేదని చెప్పను. నేను చేసేది ఏమిటంటే, ఒప్పుకుంటే రికార్డులో శిక్షగా మిగులుతుందని, రేపు ఉద్యోగానికో పాస్‌పోర్టుకో అడ్డం రావచ్చని ముద్దాయికి విడిగా కూర్చోబెట్టి చెబుతాను. ఆపైన నిర్ణయం అతనిది. నా లెక్క తగ్గితే తగ్గనీ అనుకుంటాను, కానీ అందరూ అలా అనుకోగలరని చెప్పలేను. నియామకం, మదింపు జిల్లా జడ్జి చేతిలోంచి తీసి వేరే సంస్థకు ఇవ్వాలన్న మాటకు నేనూ ఒప్పుకుంటాను. అందుకోసం ఈ ఆఫీసులే వద్దంటే మాత్రం ఒప్పుకోను.

నల్లకోటు:
నేను వద్దనలేదు. నెత్తి మీద కత్తి వేలాడుతుంటే కొత్త కుర్రవాణ్ని లోపలికి పంపకండి అన్నాను.

పొడిగింపు_లేదు:
ఆ కత్తి మొదటి పేజీలో ఎవరూ చెప్పలేదు కదా సార్. పేరు, గుమ్మం, వకాల్తా అన్నారు.

మూడేళ్లు:
నా ప్రశ్న ఇప్పుడు ఇంకా పెద్దదైంది. ప్రాక్టీసు సర్టిఫికెట్ మీద సంతకం ప్రధాన న్యాయాధికారిది. లేదా పదేళ్ల అనుభవమున్న అడ్వొకేట్ ఇస్తే దాన్ని ప్రధాన న్యాయాధికారి ధ్రువీకరించాలి. అంటే పొడిగింపు ఇవ్వని ప్రధాన జిల్లా జడ్జి దగ్గరికే సర్టిఫికెట్ కోసం వెళ్లాలా?

వాయిదాల_రాయుడు:
ఇదొక్కటే తక్కువైంది.

కొత్త_సనదు:
అందరికీ ధన్యవాదాలు. భయం తగ్గలేదు కానీ దేనికి భయపడాలో తెలిసింది. దరఖాస్తు పెడుతున్నాను. ఇంటర్వ్యూలో ఏమి అడుగుతారు? సీనియర్ గారి ఆఫీసులో నా పేరు కూడా ఉన్న వకాల్తాలు కొన్ని ఉన్నాయి, వాటిని ఏమి చేయాలి?

రిమాండ్_డ్యూటీ:
నన్ను అడిగినవి: నాగరిక్ సురక్షా సంహితలో 187 గడువులు, 479 కింద విచారణ ఖైదీ విడుదల (ఇంతకుముందు ఏ నేరంలోనూ శిక్ష పడనివాళ్లకు గరిష్ఠ శిక్షలో మూడో వంతు, మిగిలిన వాళ్లకు సగం, ఉరి లేదా యావజ్జీవం పడగల నేరాలకు వర్తించదు), 341 కింద ప్రభుత్వ ఖర్చుతో వకీలు, లీగల్ సర్వీసెస్ చట్టం సెక్షన్ 12 కింద ఎవరు అర్హులు. కస్టడీలో ఉన్నవాళ్లకు ఆదాయ పరిమితి లేదు, చాలామంది ఇక్కడే తప్పు చెబుతారు. ఒక బెయిలు పిటిషన్ అక్కడికక్కడే రాయించారు. వకాల్తాల సంగతి చేరేలోపే తేల్చుకోండి. మీ పేరు ఉన్న ప్రతి కేసులో తప్పుకుంటున్నట్టు మెమో వేసి, సీనియర్ గారి పేరు మిగిలేలా చూడండి. చేరాక ఒక్క దాంట్లో హాజరైనా నిబంధన ఉల్లంఘించినట్టే.

నల్లకోటు:
మెమో వేసేముందు ఆయనకు మీరే వెళ్లి చెప్పండి. కోర్టు గుమాస్తా ద్వారా తెలిస్తే బాగుండదు. చేరాక సెషన్స్ కోర్టులో మంచి క్రాస్ జరిగే రోజు ఉంటే ఇక్కడ అడగండి, ఏ కోర్టులో కూర్చోవాలో చెబుతాను.