నగర శివారు సంరక్షణ ఉద్యానవనంలో పక్షి వీక్షణ: తొలిసారి వెళ్లేవారి సందేహాలు

ప్రశ్న

సభ్యులందరికీ నమస్కారం. నగర శివార్లలో ఉన్న ఒక సంరక్షణ ఉద్యానవనానికి కేవలం పక్షులను చూడటం కోసమే వెళ్లాలని అనుకుంటున్నాము. అందులో ఒక చెరువు, దాని చుట్టూ పొదలు, వెనుక కొంత మేర చెట్లు ఉన్నాయి. నాతో పాటు మోకాళ్ల నొప్పులున్న మా నాన్నగారు, పదేళ్ల మా అమ్మాయి వస్తారు. ఎన్ని గంటలకు చేరుకోవాలి, ఎటువంటి బైనాక్యులర్ కొనాలి, ఒక్క పూటలో ఉద్యానవనం మొత్తం తిరిగి చూడటం సాధ్యమేనా, చూసిన పక్షి పేరు ఎలా తెలుసుకోవాలి అన్నవి నా సందేహాలు. అనుభవజ్ఞులు వివరించగలరని కోరుతున్నాను.

మొదటి సమాధానం

మీ మూడో సందేహంతో మొదలుపెడతాను, ఎందుకంటే మిగిలిన జవాబులన్నీ దాని మీదే ఆధారపడి ఉన్నాయి. ఉద్యానవనం మొత్తం తిరగాలన్న ఆలోచనను దయచేసి విరమించుకోండి. నడిచే మనిషి కదలికను పక్షులు చాలా దూరం నుంచే పసిగట్టి ముందుగానే లేచిపోతాయి కాబట్టి, ఎంత ఎక్కువ నడిస్తే అంత తక్కువ చూడగలుగుతాము. అదే మనిషి ఒక చోట కదలకుండా కూర్చుంటే కాసేపటికి అవి తమ పనుల్లో పడతాయి. పొదల్లోకి దూరినవి బయటికి వస్తాయి, ఎగిరిపోయిన కొంగ మళ్లీ ఆ ఒడ్డుకే వచ్చి వాలుతుంది. కాబట్టి మీ నాన్నగారి మోకాళ్ల నొప్పులు ఈ పనికి అడ్డంకి కావు. మడత కుర్చీ ఒకటి తీసుకువెళ్లి, గేటుకు మరీ దూరం కాని ఒకటి రెండు చోట్లను ఎంచుకుంటే చాలు.

ఆ చోటును ఎంచుకోవడంలోనే అసలు నేర్పు ఉంది. నీరు, పొదలు, చెట్లు మూడూ ఒకదానికొకటి దగ్గరగా వచ్చే అంచును వెతకండి. అటువంటి చోట నీటి పక్షులూ, పొదల్లో తిరిగేవీ, కొమ్మల మీద ఉండేవీ ఒకే చూపులో పడతాయి. చెరువులోనూ అన్ని ఒడ్లూ ఒక్కటి కావు. నీరు తగ్గి బురద తేలిన చోట, ముక్కుతో పొడుస్తూ పురుగులను ఏరుకునే సన్నకాళ్ల పక్షులు చేరతాయి. మోకాలి లోతు నీటిలో కొంగలు మాటు వేస్తాయి. చేపల కోసం మునిగే నీటికాకులకు మరికొంత లోతు కావాలి, అవి నీటిలోంచి వచ్చాక రెక్కలు చాచి ఆరబెట్టుకోవడానికి ఒక ఎండు కొమ్మ కావాలి. కనుక నీటిలోకి వంగిన మోడు ఏదైనా కనిపిస్తే దాని మీద ఒక కన్ను వేసి ఉంచండి. లకుముకి పిట్ట కూడా అటువంటి చోటునే ఇష్టపడుతుంది. ఉదయం పూట చెరువుకు తూర్పు ఒడ్డున కూర్చుంటే సూర్యుడు మీ వీపు వెనుక ఉంటాడు, పక్షి రంగులు స్పష్టంగా తెలుస్తాయి. పడమటి ఒడ్డున కూర్చుంటే వెలుగు కళ్లలో పడి ప్రతి పక్షీ నల్లగానే కనిపిస్తుంది.

సమయం విషయానికి వస్తే, అనుమతి ఉన్నంత వరకు సూర్యోదయానికి కొంచెం ముందే అక్కడ ఉండటం ఉత్తమం. రాత్రంతా ఆహారం లేకుండా గడిపిన చిన్న పక్షులు తెల్లవారిన తర్వాత మొదటి రెండు మూడు గంటలు చురుకుగా తిరుగుతాయి, ఎక్కువగా కూస్తాయి. అయితే ఎండ ఎక్కగానే లేచి వచ్చేయవద్దు. నేల వేడెక్కి గాలి పైకి లేవడం మొదలైన తర్వాతే గద్దలు రెక్కలు ఆడించకుండా ఆకాశంలో సుడులు తిరుగుతాయి, వాటిని చూడటానికి అదే సరైన వేళ. ప్రవేశ వేళలు, వారపు సెలవు, కెమెరాకు విడిగా అనుమతి అవసరమా అన్నవి ముందు రోజే కనుక్కోండి. చాలా చోట్ల గేటు సూర్యోదయం తర్వాతే తెరుస్తారు.

నగరానికి దగ్గరగా ఉన్నందున మరొక సంగతి గుర్తుంచుకోవాలి. రోడ్డు శబ్దం మన చెవులకే కాదు, పక్షులకూ అడ్డమే. నెదర్లాండ్స్‌లోని లైడెన్ నగరంలో గ్రేట్ టిట్ అనే చిన్న పక్షులను పరిశీలించి 2003లో ప్రచురించిన అధ్యయనంలో, రొద ఎక్కువగా ఉన్న చోట అవి హెచ్చు శ్రుతిలో, అంటే మరింత సన్నని స్వరంతో పాడుతున్నట్లు తేలింది. కాబట్టి వీలైతే రహదారికి దూరంగా ఉన్న వైపున కూర్చోండి. కంటికి కనబడని పక్షుల ఉనికి చెవికే ముందుగా తెలుస్తుంది.

రెండవ సమాధానం

బైనాక్యులర్ గురించి నేను చెబుతాను. దాని మీద రాసి ఉండే రెండు అంకెల్లో మొదటిది ఎన్ని రెట్లు పెద్దదిగా చూపుతుందో, రెండవది ముందు కటకం వ్యాసం ఎన్ని మిల్లీమీటర్లో తెలుపుతాయి. తొలిసారి కొనేవారికి 8×42 అన్ని విధాలా అనువైనది. 10×42 పక్షిని మరింత దగ్గరగా చూపే మాట నిజమే కానీ, చేతి వణుకును కూడా అంతే పెంచుతుంది, సాధారణంగా కనబడే పరిధిని తగ్గిస్తుంది. పైగా రెండవ అంకెను మొదటి దానితో భాగిస్తే కంటికి చేరే కాంతి వలయం వెడల్పు వస్తుంది. 8×42కు అది 5.25 మిల్లీమీటర్లు, 10×42కు 4.2 మాత్రమే. తెల్లవారుజామున మసక వెలుతురులో ఈ తేడా తెలుస్తుంది. మీ నాన్నగారు కళ్లద్దాలు పెట్టుకునేవారైతే, కంటి నుంచి కనీసం 15 మిల్లీమీటర్ల ఎడం ఉన్నా పూర్తి దృశ్యం చూపే రకాన్ని అడిగి తీసుకోండి, వాడేటప్పుడు కంటి వద్ద ఉన్న రబ్బరు కప్పులను కిందికి తిప్పమనండి. అమ్మాయికి బరువు తక్కువగా ఉన్న చిన్నది సరిపోతుంది.

ముందుగా ఇంటి వద్దే సాధన చేయించండి. పక్షి మీద నుంచి చూపు మరల్చకుండా బైనాక్యులర్‌ను కళ్ల దగ్గరికి తెచ్చుకోవాలి. తల వంచి పరికరాన్ని చూసుకుంటే పక్షి జాడ పోతుంది.

పేరు తెలుసుకోవడానికి రంగు ఒక్కటే చాలదు. పక్షి తెలిసిన వాటిలో దేనంత పరిమాణంలో ఉంది, ముక్కు లావుగా ఉందా సన్నగా ఉందా, కాళ్ల రంగు ఏమిటి, తోకను ఎలా ఆడిస్తోంది, నేల మీద గెంతుతోందా నడుస్తోందా అన్నవి ముందు కాగితం మీద రాసుకుని, ఆ తర్వాతే పుస్తకం తెరవండి. పక్షి ఎదురుగా ఉండగా పుస్తకంలోకి చూడటం మొదలుపెడితే అది ఎగిరిపోయే సరికి మీ దగ్గర ఏ ఆధారమూ మిగలదు. కార్నెల్ విశ్వవిద్యాలయ పక్షిశాస్త్ర ప్రయోగశాల వారి మెర్లిన్ యాప్ కూతను విని పేరు సూచిస్తుంది. అది సూచన మాత్రమే, కళ్లతో నిర్ధారించుకున్న తర్వాతే జాబితాలో చేర్చండి.

ప్రశ్నించిన వారి మరో సందేహం

ఇరువురికీ కృతజ్ఞతలు. ఫోనులో పక్షి కూతను వినిపిస్తే అది దగ్గరికి వస్తుందని విన్నాను. మా అమ్మాయి కోసం అలా చేయవచ్చా? గూడు కనిపిస్తే ఫొటో తీసుకోవచ్చా? దుస్తుల విషయంలో ఏవైనా జాగ్రత్తలు ఉన్నాయా?

మొదటి సమాధానకర్త వివరణ

కూత వినిపించడం చేయవద్దని గట్టిగా కోరుతున్నాను. ఆ పక్షి మీ మీద ఇష్టంతో రాదు. తన హద్దులోకి మరొక పక్షి చొరబడిందని భావించి, పోరాటానికి సిద్ధపడి వస్తుంది. మేత వెతుక్కోవలసిన సమయాన్ని, శక్తిని లేని శత్రువు కోసం ఖర్చు చేస్తుంది. నగరం పక్కనే ఉన్న చోటుకు రోజూ ఎందరో వస్తారు కనుక, ఒక్కొక్కరు ఒక్కసారి చేసినా ఆ పక్షికి అది రోజంతా సాగే వేధింపే. ఫోను వినడానికి వాడండి, వినిపించడానికి వద్దు.

గూడు కనిపిస్తే ఆగకుండా మెల్లగా దాటిపోండి. తల్లి పక్షి బెదిరి లేచిన కొద్ది నిమిషాల్లోనే గుడ్లు ఎండకు పాడు కావచ్చు, కాకులు వాటిని ఎత్తుకుపోవచ్చు. నేల మీద గుడ్లు పెట్టే కొన్ని పక్షులు రెక్క విరిగినట్లు నటిస్తూ మనల్ని పక్కకు తీసుకుపోవడానికి చూస్తాయి. అది వేడుక కాదు, మనం గూటికి మరీ దగ్గరగా వచ్చామన్న హెచ్చరిక. అది చూడగానే వచ్చిన దారినే వెనక్కి వెళ్లాలి. గూటి చిరునామాను, గుడ్లగూబ పగలు నిద్రపోయే చెట్టును ఎవరితోనూ పంచుకోవద్దు.

దుస్తులు ముదురు ఆకుపచ్చ, మట్టి రంగుల్లో ఉంటే మంచిది. మన కంటిలో రంగులను గుర్తించే కణాలు మూడు రకాలైతే, చాలా పక్షులకు నాలుగు రకాలు ఉంటాయి, అవి అతినీలలోహిత కాంతిని కూడా చూడగలవు. అందుకే మెరిసే తెలుపు వాటి కంట త్వరగా పడుతుంది. అయినా రంగు కంటే కదలికే వాటిని ఎక్కువగా బెదిరిస్తుంది, చేయి చాచి చూపించే అలవాటును మానుకోవాలి. “ఎడమ వైపు మోడుకు జానెడు పైన” అన్నట్లు మాటలతో చెప్పడం అమ్మాయికి నేర్పండి. మేస్తున్న పక్షి ఆపి మెడ నిటారుగా ఎత్తిందంటే మీరు ఎంత దగ్గరికి రావచ్చో అది చెప్పేసినట్లే, అక్కడే ఆగండి.

తిరిగి వచ్చాక చూసిన పక్షుల జాబితాను 2002లో మొదలైన ఈబర్డ్ అనే పక్షి పరిశీలనల వెబ్‌సైట్‌లో నమోదు చేయండి. సంఖ్య తెలియకపోతే అంచనా రాయవచ్చు, పేరు తెలియని పక్షిని మాత్రం ఊహించి రాయకుండా వదిలేయండి.