అద్దె ఇంటికి కుక్కపిల్లను దత్తత ఇవ్వరా?

హైదరాబాద్‌లో అద్దెకుంటున్నాం. మున్సిపాలిటీ వాళ్ల జంతు సంరక్షణ కేంద్రంలో ఒక వీధి కుక్కపిల్ల తెగ నచ్చింది. గోధుమరంగు, ఒక చెవి నిక్కబొడుచుకుని, రెండోది వాలిపోయి ఉంటుంది. మా చిన్నది అప్పుడే బొబ్బట్టు అని పేరు కూడా పెట్టేసింది!

ఆధార్, అడ్రస్ ప్రూఫ్ ఇచ్చాం. ఇంటి ఓనర్ సంతకంతో లెటర్ కూడా తెమ్మన్నారు. ఆయనేమో నోటితో సరే అంటారు, కాగితం అనగానే మాట మార్చేస్తారు. అపార్ట్‌మెంట్ సంఘాలు పెంపుడు జంతువులను నిషేధించకూడదని జంతు సంక్షేమ బోర్డు మార్గదర్శకాలున్నాయి. అవి చూపిస్తే ఇల్లే ఖాళీ చేయమంటారేమోనని టెన్షన్. లెటర్ లేకుండా తెచ్చుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా?

ఇంకొకటి, ఇంట్లో రెండేళ్ల పిల్లి ఉంది. కుక్కపిల్లకి మూడు నెలలు నిండలేదు, రేబిస్ టీకా ఇంకా పడలేదు. అది అయ్యేదాకా రెండింటినీ వేరే గదుల్లో ఉంచాలా? మాకున్నది ఒకటే బెడ్‌రూమ్ మరి.