యెవ్వనియందు... డిందునా, నుండునా?

పద్యప్రియ: మా ఊరి గ్రంథాలయంలోని పాత కంప్యూటర్లో డెబియన్ అనే లినక్స్ రకం వేస్తున్నాను. అందులో అన్ని అధికారాలూ ఉండే ఖాతా రూట్. రూట్ పాస్‌వర్డ్ అడిగే దగ్గర పోతన గజేంద్రమోక్షంలోని "మూలకారణం బెవ్వడు" అని నోటికొచ్చింది. పై పాదం "ఎవ్వనిచే జనించు జగ మెవ్వని లోపల నుండు లీనమై" సరే. ఆ పాదం మొదలు మాత్రం అప్పట్నుంచీ తొలిచేస్తోంది. "యెవ్వనియందు డిందు"నా, "యెవ్వనియందు నుండు"నా? మా ఇంట్లో రెండోదే పాడేవారు. పిల్లల కోసం అంటించే కాగితం మీద రూట్‌ని "మూల వాడుకరి" అని రాసి, పైన ఈ పద్యం పెడదామని ఉంది.

ఛందోమిత్ర: డిందు. నుండు అంటే గణం చెడుతుంది.

నల్లమల: చెడదండి. ఉత్పలమాలలో రెండోది రగణం. "యందుడిం" అన్నా "యందునుం" అన్నా గురువు, లఘువు, గురువే. యతి అక్కడ లేనే లేదు, అది మొదటి "యె"కీ, పరమేశ్వరుడులోని "ఈ"కీ కుదిరింది. తేల్చాల్సింది అర్థమే. పై పాదంలో "లోపల నుండు" అని అనేశాడుగా. జనించడం, ఉండడం, డిందడం. మూడోది తీసేస్తే గజేంద్రుడి మొరలో లయమే ఉండదు.

ఛందోమిత్ర: "లీనమై" ఉందిగా, లయానికి అది చాలదా?

సిస్టం మాస్టారు: డిందడమంటే పూర్తిగా నశించడమనుకుంటున్నారు అందరూ. నాకు అణగడమనే తోస్తుంది. డెబియన్లో డెల్‌యూజర్‌తో ఒక ఖాతా తీసేయండి. పేరు పోతుంది, హోమ్ ఫోల్డరు మాత్రం పోదు. అందులోని ఫైళ్ళ పక్కన యజమాని పేరుకు బదులు 1001 లాంటి అంకె కనిపిస్తుంది. రేపు అదే అంకెతో ఇంకొకరికి ఖాతా ఇస్తే ఆ ఫైళ్ళన్నీ వారివే. జగం డిందడమూ ఇలాంటిదే, మళ్ళీ జనించడానికి సరుకు మిగిలే ఉంటుంది.

నల్లమల: బాగుంది మాస్టారూ! పోతన అంత బరువైన సంగతిని "డిందు" అనే చిన్న తెలుగు క్రియతో తేల్చేశాడు చూడండి. చుట్టూ "అనాదిమధ్యలయుడు" లాంటి సమాసాలు, మధ్యలో ఇదొక్కటి. బమ్మెర మట్టి మాట.

కడపబిడ్డ: ఒంటిమిట్ట మట్టి అనండి.

నల్లమల: పోతన ఏ ఊరివాడన్న ఆ తగువు ఇప్పుడొద్దు సోదరా.

కడపబిడ్డ: సరే. డెబియన్ నుంచే పుట్టిన ఉబుంటులో రూట్ సంగతి కూడా గజేంద్రుడే చెప్పాడు, "కలడు కలండనెడివాడు కలడో లేడో" అని. సున్నా అంకెతో ఖాతా ఉంటుంది, పాస్‌వర్డ్‌తో లోపలికి వెళ్దామంటే తాళం.

సిస్టం మాస్టారు: డెబియన్లోనూ ఆ తెర మీద రూట్ పాస్‌వర్డ్ ఖాళీగా వదిలేస్తే అంతే. రూట్‌కి తాళం పడి, మొదట చేసిన వాడుకరికి సుడో అధికారం, అంటే రూట్ పనులు చేసే వీలు, వస్తుంది. పద్యప్రియ గారూ, గ్రంథాలయానికి అదే మేలు. మొదటి ఖాతా మీరు ఉంచుకోండి, పిల్లలకి సుడో లేని ఖాతా వేరే ఇవ్వండి. తర్వాత ఎవరినైనా యూజర్‌మాడ్‌తో గుంపులో చేర్చేటప్పుడు పెద్ద జీ ముందు చిన్న ఏ (-aG) మరవకండి. అది లేకపోతే పాత గుంపుల్లోంచి ఊడిపోతారు.

పద్యప్రియ: ఖాళీగానే వదిలేశానండి. "మూల వాడుకరి" మాటేమిటి?

కడపబిడ్డ: వాడుకరి వికీపీడియా పుణ్యమా అని అలవాటైంది. మూల అంటే మాత్రం పిల్లలు గది మూల అనుకుంటారు. రూట్ అనే ఉంచండి.

ఛందోమిత్ర: నా ప్రశ్నకి ఇంకా జవాబు రాలేదు. "లీనమై" పాదం చివర ఉంది. దాన్ని పైకి ఎందుకు కలపాలి? "లీనమై యెవ్వనియందు డిందు" అని కిందికి అన్వయించండి, లయమంతా ఒకచోటికి వస్తుంది.

నల్లమల: అప్పుడు "ఎవ్వని లోపల నుండు" బోసిపోతుంది. ఉన్నప్పుడూ విడిగా లేదు, ఆయనలో లీనమయ్యే ఉంది, అదీ విశేషం.

ఛందోమిత్ర: లీనమైపోయాక ఇక డిందడానికి ఏం మిగిలింది?

సిస్టం మాస్టారు: 1001 మిగిలింది అన్నాను కదండీ.